పడవ అడుగున పంపు, పంపు మీద నా అనుమానం

నాచారంలో పంపుల షెడ్డులో కొత్తగా చేరే ఆడపిల్లల కోసం ఇది చెబుతున్నాను. నేను చెప్పింది మా చెల్లెలి బిడ్డ రాసింది. రాసింది మళ్లీ రెండుసార్లు చదివించుకున్నాను. ఆమె మీద నమ్మకం లేక కాదు, అలవాటు అలాంటిది.

మొదటి రోజు మీ చేతిలో ఒక పంపు పెడతారు. డబ్బా మీద గంటకు ఇన్ని లీటర్లు అని పెద్ద అంకె ఉంటుంది. నాకు అక్షరాలు రావు గాని అంకెలు వచ్చు. ఆ అంకెను నమ్మకండి. అబద్ధం రాశారని కాదు. రాసినవాడు పంపును కొత్త బ్యాటరీకి తగిలించి, పైపు లేకుండా, నీళ్లను పైకి ఎత్తించకుండా కొలిచాడు. మీరు పాస్ చేసే పంపుకు అంత సుఖం ఎక్కడా దొరకదు. దానికి పైపు ఉంటుంది, పైపుకు వంపులుంటాయి, బ్యాటరీ పాతదై ఉంటుంది, కింద బురద ఉంటుంది. అవన్నీ పెట్టి కొలిస్తే వచ్చేదే దాని అసలు అంకె.

తొట్టి దగ్గర

మా ఆయన ఐలయ్య అదే షెడ్డులో మోటార్లకు వైండింగ్ చేసేవాడు. ఆయన పోయాక సేటు నన్ను పిలిచి నీళ్ల తొట్టి దగ్గర నిలబెట్టాడు. ఆడమనిషికి తేలిక పని అనుకున్నాడేమో. పంపును తొట్టిలో వేయడం, కరెంటు ఇవ్వడం, నీళ్లు వస్తే సుద్దముక్కతో గీత పెట్టడం. అదీ నాకు చెప్పిన పని.

నెల తిరగకముందే ఒక పంపు వెనక్కి వచ్చింది. నా గీతే ఉంది దాని మీద. తిరుగుతోంది, మోత బాగానే వస్తోంది, నీళ్లు మాత్రం ముసలివాడు ఉమ్మినట్టు వస్తున్నాయి. ఫోర్‌మన్ యాదగిరి దాన్ని విప్పి చూశాడు. ఎర్ర వైరు, నల్ల వైరు తారుమారయ్యాయి. పంపు ఎదురు తిరుగుతోంది. ఎదురు తిరిగినా కొన్ని నీళ్లు వస్తాయి, అదే మోసం. నేను మోత విని గీత పెట్టేశాను.

ఆ రోజు నుంచి బకెట్ పెట్టుకున్నాను. బకెట్ నిండేదాకా ఒకటి, రెండు అని పైకే లెక్కపెట్టేదాన్ని. ఒక్కో పంపుకు మూడుసార్లు. యాదగిరికి నవ్వు.

"ఏంది బాలమణక్కా, పంపును అడుగుతున్నవా, దొంగను అడుగుతున్నవా?"

"దొంగైతే నాలుగు దెబ్బలకు ఒప్పుకుంటడు అన్నా. పంపు ఒప్పుకోదు."

సేటుకు మాత్రం నవ్వు రాలేదు. మూడుసార్లు కొలిస్తే సరుకు ఆలస్యమవుతుందని కోపం. మంచివాడే, జీతం ఏ నెలా ఆపలేదు. కాని లారీ వాకిట్లో నిలబడితే చాలు, ఆయన కళ్లకు ప్రతి పంపూ బాగానే కనబడేది. యజమాని తొందరలో ఉన్నప్పుడు ఇంకోసారి కొలవండి. తిడితే పడండి. తిట్టు సాయంత్రానికి పోతుంది.

పడవాయన వచ్చాడు

ఒక రోజు సుధాకర్ సార్ అని ఒకాయన షెడ్డుకు వచ్చారు. అంబర్‌పేట్ మనిషి. నగరం మధ్యలోని పెద్ద చెరువులో పిల్లలకు తెరచాప పడవలు నడపడం నేర్పుతారు. అక్కడ నాలుగు పడవలున్నాయి. మెడ వంచుకుని దూరేంత గది ఒకటి ఉంటుంది ఒక్కోదానిలో. వాన పడ్డా, అల ఎగిరినా, చుక్కాని పక్కనుంచి చెమ్మ దిగినా నీళ్లు పడవ అడుగుకు చేరతాయి. వాటిని ఎప్పటికప్పుడు బయటికి తోడే పంపు కావాలి. మొదటి పడవలోది కాలిపోయింది.

"మీ దగ్గర అన్నిట్ల పెద్దది ఏది?" అని అడిగారు సార్.

సేటు అప్పటికే బల్ల మీద పెట్టేశాడు. "గిదే సార్. గీ సైజుల దీన్ని మించింది లేదు."

నాకు ఇద్దరి మీదా అనుమానం వచ్చింది. కొనేవాడు పెద్దది అడుగుతాడు, అమ్మేవాడు పెద్దది చూపిస్తాడు. అది కూర్చునే చోటు ఎంతో ఇద్దరిలో ఒక్కరూ చెప్పలేదు.

"పడవ సూడకుంట నేను పాస్ అనను" అన్నాను.

"నువ్వు పంపుకు చెప్పాలె పాస్, పడవకు కాదు" అన్నాడు సేటు.

"పంపు పడవల ఉంటది గదా సేటూ."

సార్ నవ్వి రమ్మన్నారు. మరునాడు ఉప్పల్‌లో బస్సెక్కి పోయాను. సంచిలో ఒక అట్టముక్క, కత్తి, దారపు ఉండ. అంతకుముందు నేను పడవ ఎక్కలేదు. ఒడ్డుకు కట్టి ఉన్నదే అయినా కాలు పెట్టగానే అది పక్కకు జరిగింది. అప్పుడే దాన్నీ నమ్మకూడదనుకున్నాను.

అడుగున చెక్క పలక ఎత్తితే కింద గుంట. మన ఇళ్లలో రోలు గుంట ఉంటుందే, అంత వెడల్పు, అంతకన్నా లోతు తక్కువ, కిందికి పోనుపోను ఇరుకు. అట్టను ఆ గుంట ఆకారానికి కోసి పెట్టి చూశాను. పెద్ద పంపు నెట్టితే దూరుతుంది. దాని పక్కన ఫ్లోట్ స్విచ్‌కు చోటు లేదు. ఫ్లోట్ స్విచ్ అంటే నీళ్లతోపాటు పైకి లేచే చిన్న ముక్క. అది లేస్తేనే పంపుకు కరెంటు అందుతుంది. పెద్ద పంపు పెడితే ఆ ముక్క పలకకు తగిలి సగంలోనే ఆగిపోతుంది. అప్పుడు నీళ్లు ఎంత వచ్చినా పంపు నడవదు. డబ్బా మీద అంకె ఎంత పెద్దదైతే ఏం లాభం?

పైపు ఎక్కడ బయటికి పోవాలో సార్ చూపించారు. పడవ పక్కగోడకు పెడితే దగ్గర కదా అన్నాను. ఆయన పడవ అంచుకు పోయి నిలబడ్డారు. పడవంతా అటు వాలింది. నేను చూపించిన చోటు నీళ్లకు తాకింది.

"గాలికి ఇంకా వాలుతది అమ్మా. గాడ రంధ్రం పెడితే నీళ్లు బయటికి పోవు, లోపలికే వస్తయ్."

ఇది నాకు తెలియదు. నేలమీది పంపులే చూసినదాన్ని. అందుకే పైపు వెనక గోడకు, వీలైనంత పైకి పోవాలి. అంటే నీళ్లను ఇంకా ఎత్తు ఎత్తాలి. నేను దారంతో పైపు పొడుగు, ఎత్తు కొలుచుకుని ముడులు వేసుకున్నాను.

షెడ్డుకు వచ్చి అంత పైపూ కిటికీ చువ్వకు కట్టి, అన్నే వంపులు తిప్పి, పాత బ్యాటరీ పెట్టి, పెద్దది వదిలేసి ఆ గుంటలో ఫ్లోట్‌తో సహా పట్టే చిన్న పంపును కొలిచాను. డబ్బా మీద ఉన్నదానిలో సగానికి కొంచెం ఎక్కువ వచ్చింది. లోపల గరుకుగా, మెట్లుమెట్లుగా ఉండే పైపు తీసి నున్నటి పైపు వేస్తే ఇంకాస్త పెరిగింది.

సేటు నెత్తి పట్టుకున్నాడు. "గీ సగం పంపును ఏం చెప్పి అమ్మాలె?"

"సగమని చెప్పే అమ్ము. దానికి తోడు చేతి పంపు ఒకటి పెట్టిద్దాం. కరెంటు పోతే పిల్లలు చేతుల్తోని తోడుకుంటరు."

చేతి పంపు మాట వినగానే సార్ ఒప్పుకోలేదు. ఆ ఇరుకులో ఇంకోటి ఎక్కడ? "పడవల పిల్లలు గూసోవాల్నా, పంపులు గూసోవాల్నా, నువ్వే చెప్పమ్మా!"

ఆ మాట కూడా నిజమే. కాని చేతి పంపు గుంటలో ఉండక్కర్లేదు. దాని పైపు కొస ఒక్కటి గుంటలో ఉంటే చాలు. పంపును చుక్కాని పట్టుకునేవాడి మోకాలి పక్కన గోడకు బిగించవచ్చు. అక్కడ ఉన్న తాళ్ల పెట్టెను ముందుకు జరిపించాం. ఇరుకు చోటికి పంపు ఎంచుకునేటప్పుడు అన్నీ ఒకే గుంటలో కుక్కకండి. ఏది తప్పనిసరిగా అడుగున ఉండాలో దాన్నే అడుగున పెట్టండి.

పంపు బిగించాక గుంటలో బకెట్లతో నీళ్లు పోశాం. ఫ్లోట్ లేచింది, పంపు మోగింది, వెనకనుంచి నీళ్లు పోయాయి. మూడుసార్లు చూశాను. నాలుగోసారి సార్ వద్దన్నారు. పాస్ అన్నాను.

దసరా

ఇక్కడి నుంచి నా తప్పు మొదలవుతుంది.

మా షెడ్డులో దసరాకు ఆయుధపూజ చేస్తాం. తొట్టి కడుగుతాం, ప్రతి యంత్రానికీ పసుపు కుంకుమ పెడతాం, బంతిపూల దండ వేస్తాం, పసుపు దారం కడతాం. ఆ రోజు ఏ స్విచ్చూ నొక్కం. మరునాడు పొద్దున పూలు తీసేసి, దారం విప్పి, తర్వాతే పని మొదలు. ఐలయ్య ఉన్నప్పుడూ అంతే, తర్వాతా అంతే.

ఆ ఏడు సుధాకర్ సార్ పడవలకు పూజ పెట్టుకున్నారు. నన్ను కూడా పిలిచారు. నేను బిగించిన పంపు కదా, నాకే ముచ్చట. అందరూ పైన తెరచాప కర్రకు, చుక్కానికి పూలు కడుతుంటే నేను పలక ఎత్తి గుంటలో చెయ్యి పెట్టాను. పంపుకు బొట్టు పెట్టాను. దాని నడుముకు పసుపు దారం కట్టాను. చిన్న బంతిపూల దండ చుట్టి పలక మూసేశాను. సార్ కొబ్బరికాయ కొట్టారు. ప్రసాదం తిని ఇంటికి వచ్చాను.

మరునాడు షెడ్డులో యంత్రాల పూలన్నీ తీశాను. పడవలోవి నాకు గుర్తే రాలేదు.

షెడ్డులో యంత్రాలకు దసరా అంటే సెలవు. ఎవరో స్విచ్ నొక్కితే గాని అవి కదలవు. ఫ్లోట్ ఉన్న పంపుకు సెలవు లేదు. నీళ్లు చేరితే తనంతట తానే లేస్తుంది. ఆ ఫ్లోట్ బిగించింది నేనే. అయినా ఆ సంగతి నా బుర్రకు తట్టలేదు.

ఎవరి తప్పు

పదిరోజులు కాలేదు, సార్ ఫోన్ చేశారు. ఐదుగురు పిల్లలతో చెరువు మధ్యకు పోయారట. గాలి లేచింది, అలలు ఎగిరి లోపల పడ్డాయి. పంపు మోగుతోంది గాని వెనకనుంచి చుక్క రాలేదు. నీళ్లు పలకలు దాటి పిల్లల మడమలకు వచ్చాయి. చేతి పంపుతో వంతులవారీగా తోడుకుంటూ ఒడ్డు పట్టారు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఏమీ కాలేదన్న మాట విన్నాను. కాని నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏమిటో చెప్పనా? "పోరలు చిప్స్ కవర్లు పడేసిన్రా సార్?" అన్నాను.

సార్ పంపును విప్పకుండా గోనెసంచిలో చుట్టి షెడ్డుకు తెచ్చారు. అది బల్ల మీదికి వచ్చేదాకా నేను అనుమానించనివాళ్లు లేరు. యాదగిరి వైండింగ్ వదులుగా చేశాడేమో. సేటు లోపలి ఇంపెల్లర్ నాసిరకంది తెచ్చాడేమో. ఇంపెల్లర్ అంటే నీళ్లను నెట్టే చిన్న చక్రం. సార్ మనుషులే వైర్లు కదిలించి ఎదురు తిప్పారేమో. నా పేరు ఆ వరుసలో లేదు. ఎందుకుంటుంది, మూడుసార్లు కొలిచాను కదా!

సార్ వాకిట్లో ఫోన్ మాట్లాడుతున్నారు. బల్ల దగ్గర నేను, యాదగిరి, సేటు. సంచి విప్పాను. చెత్త లోపలికి పోకుండా పంపు అడుగున ఉండే జాలీ ఊడదీశాను. దాని కన్నాలన్నిటి నిండా బంతిపూల రేకులు, నల్లగా నాని, ముద్దలా. లోపల చక్రం ఇరుసుకు పసుపు దారం చుట్టుకుని ఉంది. నా ముడి నాకు తెలియదా.

యాదగిరి నన్ను చూశాడు.

సేటు గొంతు తగ్గించాడు. "బాలమణీ, జర ఇను. మొన్ననే బతుకమ్మలు అయినయ్. చెరువు నిండ పూలే ఉన్నయ్. గవే లోపలికి వచ్చినయ్ అందాం. ఎవడు కాదంటడు?"

ఎవరూ కాదనరు. ఆ వారం చెరువు ఒడ్డున పూలు తేలుతూనే ఉన్నాయి. నేను కూడా పోయి వేసి వచ్చినదాన్నే. మీ దగ్గర ఇప్పుడు దాచడం దేనికి, నేను ఆ దారం ముక్కను తీసి కొంగున ముడి వేసుకున్నాను. ఎన్నో ఏళ్ల పని. ఒక్క దండకు పోతుందా అనుకున్నాను.

సార్ లోపలికి వచ్చారు. "ఏం దొరికిందమ్మా?"

"పూలు సార్."

ఆయన జాలీని చేతిలోకి తీసుకుని చూశారు. తనే అన్నారు, "బతుకమ్మ పూలు. నేనే అనుకుంటనే ఉన్న. అయితే ఇంకా సన్న జాలీ కొడదాం. నాలుగు పడవలకూ."

సేటు తల ఊపాడు, ఆర్డరు వచ్చినట్టే సంతోషంగా.

సన్న జాలీ! ఆ చెరువు నీళ్లు నేను చూశాను. అందులో ఉండే నాచుకు, బురదకు సన్న జాలీ వారంలో మూసుకుపోతుంది. ఒక్క పడవలో కాదు, నాలుగింటిలో. నా దండను కాపాడుకోవడానికి చెరువు మీద వేసిన నింద పిల్లల కాళ్ల కిందికి పోయి కూర్చుంటుంది.

కొంగు ముడి విప్పి దారం బల్ల మీద పెట్టాను.

"జాలీ మార్చకు సార్. చెరువుది తప్పు కాదు. దసరా నాడు నేను దండ కట్టిన. తీసుడు మరిచిన. ఇది నా దారమే."

షెడ్డులో తొట్టి కొళాయి చుక్కలు పడుతున్నాయి. ఎవరూ కట్టేయలేదు.

"ఐదుగురు పిల్లలు అమ్మా" అన్నారు సార్. తిట్టి ఉంటే బాగుండేది.

"తెలుసు సార్."

"ఇప్పుడు చెప్పినవ్ సరే. రెండు నిమిషాల కింద కొంగుల ఎందుకు పెట్టుకున్నవ్?"

యాదగిరి మధ్యలోకి వచ్చాడు. "అక్క అసోంటిది కాదు సార్, భయపడ్డది."

"నేను కూడ భయపడ్డ అన్నా, నీళ్ల మీద" అన్నారు సార్. తర్వాత నావైపు తిరిగారు. "ఇగ నువ్వు ఒడ్డు మీద నిలబడి పాస్ అంటే నాకు చాలదు. పంపు పెట్టు, పిల్లల్తోని పడవల గూసో, చెరువు మధ్యల నీళ్లు పోసుకుని చూపియ్. అప్పుడు అను."

"నాకు ఈత రాదు సార్."

"ఆ ఐదుగురిట్ల ఇద్దరికి రాదు."

నీళ్ల మీద

పంపును కడిగి మళ్లీ బిగించి, లైఫ్ జాకెట్ వేసుకుని పడవలో కూర్చున్నాను. నా ఎదురుగా ఆ రోజు చేతి పంపుతో నీళ్లు తోడిన పిల్లల్లోనే ఒక అమ్మాయి ఉంది, ఏడో తరగతి. నేనెవరో ఆ పిల్లకు చెప్పేశారు. చెరువు మధ్యకు పోయాక గాలికి పడవ వాలింది. నేను కళ్లు మూసుకున్నాను.

"అమ్మా, కండ్లు మూసుకుంటే పంపు ఎట్ల సూస్తవ్?" అంది ఆ పిల్ల.

తెరిచాను. ఆ పిల్లే బకెట్‌తో గుంటలో నీళ్లు పోసింది. పడవ వాలి ఉంటే నీళ్లు గుంటలో కాకుండా పక్కకు చేరతాయని, ఫ్లోట్ ఒడ్డున లేచినంత త్వరగా అక్కడ లేవదని అప్పుడు చూశాను. ఒడ్డున మూడుసార్లు కాదు, ముప్పై సార్లు కొలిచినా ఇది తెలిసేది కాదు. ఇంకో రెండు బకెట్లు పోస్తే గాని పంపు మోగలేదు. మోగాక కూడా వెనక్కి వంగి నీళ్లు బయట పడుతున్నాయో లేదో చూసుకున్నాను. పడుతున్నాయి. ఒడ్డుకు వచ్చి ఫ్లోట్‌ను ఆ పక్కకు, ఇంకాస్త కిందికి మార్చి, మళ్లీ పోయి చూసి అప్పుడు పాస్ అన్నాను. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అన్నం తినలేకపోయాను, తల తిరిగి.

మిగిలిన మూడు పడవల పంపులూ సార్ మా దగ్గరే పెట్టించుకున్నారు. నేను తొందరగా పాస్ అంటానని సేటుకు నమ్మకం కలగలేదు, వెంట వచ్చి ఒడ్డున నిలబడ్డాడు. రెండు పడవల్లో కూర్చుని వచ్చి పాస్ అన్నాను.

మూడోదానిలో పంపు చక్కగా పనిచేసింది. ఫ్లోట్ లేచింది, నీళ్లు పోయాయి, సార్ ముఖం కూడా తేటగా ఉంది. నేను నీళ్ల మీదే పలక ఎత్తి జాలీ ఊడదీద్దామని చెయ్యి పెట్టాను. మోచేతి దగ్గర ఆగిపోయింది. ఆ పడవలో గుంటకు అడ్డంగా ఒక దూలం ఉంది, బిగించేటప్పుడు చుట్టూ పలకలన్నీ తీసేశాం గనుక అడ్డం రాలేదు. పొడుగు చేతుల సార్ ప్రయత్నించారు, వేళ్లు తగిలాయి గాని జాలీ తిరగలేదు. పిల్లల చేతులు అంత దూరం పోనేపోవు.

ఒడ్డుకు వచ్చాక సేటు అడిగాడు, "అయిపోయినట్టేనా?"

"కాలేదు."

"పంపు పనిచేస్తలేదా?"

"చేస్తున్నది."

"మరింకేంది నీ అనుమానం?"

"ఏదన్న అడ్డం పడితే తీసేటందుకు చెయ్యి అందుతలేదు సేటూ. దూలం కోయాలె, లేకుంటె ఇంకో పంపు సూడాలె. నేను పాస్ అనను."

సేటు సార్‌ను చూశాడు, తనవైపు మాట్లాడతారేమోనని. సార్ ఆ పడవ తాడు తీసుకుని గుంజకు రెండోసారి బిగించి కట్టారు. పిల్లలను మిగిలిన మూడింటిలో ఎక్కించారు.